అమావాస్య నాటి విడుదల

మా హోంలో నేను గార్డులకు పెట్టిన నియమాలు తక్కువే. పిల్లల్ని కేసు పేరుతో పిలవకూడదు. ఒంటి మీద చెయ్యి వేయకూడదు. విడుదల సంగతి మాత్రం, సంతకాలు పూర్తయి తీసుకెళ్ళే మనిషి గేటు దగ్గర నిలబడేదాకా, పిల్లవాడి చెవిన పడకూడదు. మొదటి రెండూ చట్టంలోనూ ఉన్నాయి. మూడోది నా సొంతం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ముందే ఆశ పెట్టి, తీరా ఏదో కాగితం తక్కువైందని వెనక్కి పంపితే ఆ పిల్లవాడి ముఖం చూడలేం. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

నా పేరు స్వర్ణలత. గార్డుల మీద సూపర్‌వైజర్‌ని. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు వైపు వెళ్తే లోపలి సందులో ఎత్తు గోడల వెనుక ఉంటుంది మా అబ్జర్వేషన్ హోం. నేరం చేశారని పట్టుకొచ్చిన పద్దెనిమిదేళ్ళ లోపు మగపిల్లల్ని, కేసు బాలల న్యాయ బోర్డులో తేలేదాకా అక్కడ ఉంచుతారు. అది జైలు కాదు. మా గార్డుల్లో ఎవడైనా జైలు అన్నాడంటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు ఒళ్ళు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదని, అందుకే వెనకాల నన్ను కారప్పొడి మేడం అంటారని కూడా నాకు తెలుసు. అననీ. కారం లేని కూర ఎవరు తింటారు?

గేటు దగ్గర పగటి డ్యూటీ అంతయ్యది. పోచంపల్లి పక్కన మగ్గం నేసి, మగ్గం కూడు పెట్టక ఇటు వచ్చిన మనిషి. మా పుట్టిల్లూ అటే, మా నాన్నా మగ్గం గుంటలో కూర్చున్నవాడే, పైగా వయసులో నాకంటే పెద్దవాడు కాబట్టి అతన్ని అన్నా అనే పిలుస్తాను. కోపం వస్తే మాత్రం ఆ అన్నా ఎగిరిపోతుంది. ఆ రోజు ఎగిరిపోయింది.

జరిగింది ఇది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కొమురమ్మ బోర్డు ఆర్డరు చేత్తో పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. ఆమెది బడంగ్‌పేట్. భర్త పోయాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి కొడుకుని సాకుతోంది. ఆ కొడుకు చందు, పదిహేడేళ్ళవాడు, బండి దొంగతనం కేసులో రెండోసారి మా దగ్గరికి వచ్చాడు. ఆమె చేతిలో ఆర్డరు చూడగానే అంతయ్య ఆగలేకపోయాడు. నన్ను అడగలేదు, పెట్టలేదు. లోపలికి వెళ్ళి, "కొడుకా, మీ అమ్మొచ్చింది, బట్టలు సదురుకో" అనేశాడు.

మా పిల్లల్లో ఒక ఆచారం ఉంది. ఇంటికి వెళ్ళేవాడు తన సబ్బు, దువ్వెన, పేస్టు, దుప్పటి అన్నీ మిగతావాళ్ళకి పంచేసి వెళ్ళాలి. ఇక్కడి వస్తువు ఏదైనా వెంట పోతే అది మనిషిని మళ్ళీ ఇక్కడికే లాక్కొస్తుందట. ఇచ్చినదాన్ని తిరిగి అడగనూకూడదు. చందు క్షణాల్లో అన్నీ పంచేసి, ఒక జత బట్టలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని లోపలి కటకటాల తలుపు వెనుక వచ్చి నిలబడ్డాడు. తల దువ్వుకున్నాడు. దువ్వెన ఇచ్చేశాక చేత్తోనే దువ్వుకున్నట్టున్నాడు, పాపిడి వంకరగా ఉంది.

నేను గేటు దగ్గరికి వెళ్ళేసరికి కొమురమ్మ ఆర్డరు నా చేతిలో పెట్టి, "జర జాగ్రత్తగ పెట్టున్రి మేడం. రేపు పొద్దుగాల ఒచ్చి తీస్కపోత" అంది.

"రేపెందుకు? పిలగాడు తయారుగున్నడు, ఇప్పుడే తీస్కపో."

"ఇయ్యాల అమాస మేడం."

నాకు తల తిరిగిపోయింది. ఈమె బోర్డు చుట్టూ తిరిగిన తిరుగుడు నేను చూశాను. ములాఖత్ రోజుల్లో హాస్టల్ వంట ముగించుకుని చెమటతో పరిగెత్తుకొచ్చేది. అన్ని నెలలు ఏడ్చి, తీరా చేతికిస్తామంటే అమావాస్య అంటుందా? నా గొంతు లేచింది.

"అన్ని దినాలు తిరిగి తిరిగి, గిప్పుడు అమాస అంటవా? కొడుకు ఎక్కువనా నీకు, అమాస ఎక్కువనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. వెనుక కటకటాల తలుపు దగ్గర అలికిడి అయింది. నేను తిరిగి చూసేసరికి అక్కడ చందు లేడు. నా కేక విన్నాడు, తల్లి తల ఊపడం చూశాడు, వెళ్ళిపోయాడు. ఆమె తర్వాత నాతో మెల్లగా చెప్పిన మాట మాత్రం వినలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

కొమురమ్మ చెప్పింది ఇది. "పోయినసారి అమాస నాడే తీస్కపోయిన మేడం. మా ఆడబిడ్డ వద్దన్నది, నేనే ఇనలే. పండుగ గూడ రాకముందే మల్ల పట్కొచ్చిన్రు. వాడు జేసిన తప్పు వాడు జేసిండు, నేను జేసిన తప్పు నేను జేసిన. ఈసారి నా దిక్కుకెల్లి తప్పు ఉండొద్దు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని బస్‌స్టాపు వైపు నడిచింది. నేను తిరిగి అంతయ్య మీద పడ్డాను.

"నీకు ఎన్నిసార్లు చెప్పాలె అంతయ్యా? నోట్ల నువ్వుగింజ నానదా?"

"తప్పయింది మేడం. ఆ తల్లిని జూస్తే నాకు ఆగలే." కాసేపు నేల చూసి, మెల్లగా ఇంకో బాంబు వేశాడు. "అయినా రేపు పాడ్యమి గద మేడం. పాడ్యమి నాడు ఎవరు బయల్దేరుతరు? ఆమెకు యాదికి లేనట్టుంది."

"నువ్వు మళ్ళ యాద్జేయకు" అన్నాను.

లోపలికి వెళ్ళి చూస్తే చందు వంటగది వెనుక, బట్టలుతికే బండ మీద కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. ఎవరినీ తిట్టడం లేదు. అతని సబ్బు తీసుకున్న పిల్లవాడు వచ్చి తిరిగి ఇవ్వబోతే వద్దని చెయ్యి ఊపాడు. ఎదురుగా గోడ వైపే చూస్తున్నాడు. ఆ మూలలో నీళ్ళ ట్యాంకు పైపు గోడ మీదికి పాకి ఉంటుంది. దాన్ని మార్పించమని నేను అడుగుతూనే ఉన్నాను, ఎవరూ మార్చలేదు.

నా అనుభవంలో పిల్లలు పట్టుకొచ్చిన రోజు గోడ దూకరు. ఆ రోజు భయంతో ముడుచుకుని పడుకుంటారు. వెళ్తానని తయారై వెళ్ళలేకపోయిన రోజు దూకుతారు. చందు దూకితే చేతికొచ్చిన ఆర్డరు చిత్తు కాగితం. కొత్త కేసు. మూడోసారి బోర్డు ముందు నిలబడితే వాళ్ళు జాలి చూపించరు, వచ్చే ఏడు పద్దెనిమిది నిండితే ఇక పెద్ద జైలే. వాడి బతుకంతా ఆ సాయంత్రం మీద నిలబడి ఉంది.

పై అధికారి పట్టాభి గారి గదికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయనది తెనాలి వైపు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఎందుకొచ్చిన గొడవండీ స్వర్ణలత గారూ, ఆ ఒంటి గదిలో పెట్టి తాళం వేయించండి. గుమ్మం దగ్గర ఇద్దర్ని కూర్చోబెట్టండి. వాళ్ళమ్మ ఎప్పుడొస్తే అప్పుడు పంపేద్దాం" అన్నారు.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు సార్? విడుదలైన పిల్లవాణ్ణి తాళం పెట్టి ఉంచామని బోర్డు వాళ్ళు అడిగితే మీరు చెప్తారా, నేను చెప్పాలా?"

"మరి పారిపోతేనో?"

"విడుదలైనవాడు పారిపోవడమేంటి సార్?"

"మాటకి బాగానే ఉందండీ. తల్లికి అప్పగించమని కదా ఆర్డరు. అప్పగించేదాకా మన నెత్తి మీదే."

ఆ మాట నిజమే. ఒప్పుకోవడం ఇష్టం లేక బయటికి వచ్చేశాను. కొమురమ్మని వెనక్కి తీసుకురమ్మని అంతయ్యని పరిగెత్తించాను. బస్సు ఎక్కేసి ఉంటుందనుకున్నాను గానీ, ఇంకా స్టాపులోనే ఉందట. వచ్చిన బస్సులన్నీ వదిలేస్తూ నిలబడిందట.

ములాఖత్ గదిలో బల్లకి ఒకవైపు పిల్లలు, మరోవైపు ఇంటివాళ్ళు కూర్చోవాలని నియమం. ఆ రోజు ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాను. చందు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"నువ్వు పో అమ్మా" అన్నాడు.

"రేపు ఒస్త బిడ్డా."

"రాకు. నేనుంటె నీకు పరేషానే గద. అందరు అడుగుతరు, ఏం జెప్పుకుంటవ్? మంచిగ పనికి పో, ఉండు."

కొమురమ్మ నాతో చెప్పిన మాట కొడుకు ముందు చెప్పలేకపోతోంది. వాడి తప్పు కూడా అందులో ఉంది కదా, అది ఎత్తితే వాడికి గుచ్చుకుంటుందని కాబోలు. చెప్పమని సైగ చేశాను, తల దించుకుంది. ఇక నేనే చెప్పాను. నాకు మెల్లగా మాట్లాడడం రాదు. అయినా వీలైనంత మెల్లగా, ఆమె అన్నది అన్నట్టుగా చెప్పాను. నా దిక్కుకెల్లి తప్పు ఉండొద్దు అన్న మాటతో సహా.

చందు ఇటు తిరిగాడు.

"నేను బండి ఎత్తుకపోయిన గాబట్టి పట్కొచ్చిన్రు. అమాసకేం ఎర్కనే?"

"నాకు గూడ ఏం ఎర్కలే బిడ్డా" అంది కొమురమ్మ. "ఎందుకు గిట్లయితున్నదో నాకు ఎర్క లేదు. అందుకే ఏదీ ఇడిసిపెట్ట బుద్ధిగాదు."

అంతలో అంతయ్య టీ తెచ్చాడు. టీ పెట్టి ఊరుకోవచ్చు కదా. నోరు ఊరుకోదు. "రేపు పాడ్యమి చెల్లె. ఎల్లుండి విదియ మంచిగుంటది" అన్నాడు. నేను అతని వైపు చూసిన చూపుకి టీ గ్లాసులే కాగిపోవాలి. కొమురమ్మ ముఖం పాలిపోయింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోసాగింది. ఎల్లుండి ఏ వారమో, హాస్టల్లో సెలవిస్తారో లేదో, పెదవులు కదిలిస్తూ కూడుకుంటోంది. పసుపూ ఉల్లిపాయా మరకలు పట్టిన ఆ వేళ్ళని చందు చూస్తూ ఉండిపోయాడు. వాడి ముఖంలో బిగువు కొంచెం కొంచెంగా సడలడం నేను చూశాను. తల్లి తనని వద్దనుకోలేదనీ, తనని మళ్ళీ పోగొట్టుకుంటానేమోనని వణికిపోతోందనీ ఆ పిల్లవాడికి అప్పుడు అర్థమైంది.

"అమ్మా, నువ్వు తీస్కపోతే గద దోషం?" అన్నాడు.

"అవ్."

"అయితే నువ్వు తీస్కపోకు. నేనే ఒస్త. నడ్సుకుంట ఒస్త."

కొమురమ్మ ఆ మాటని న్యాయమూర్తిలా తిప్పి తిప్పి చూసింది. "నా ఎంబడి బస్సుల ఒస్తే?"

"గట్ల ఒస్తే నువ్వు తెచ్చినట్టే అయితది. నువ్వు బస్సుల పో. నేను ఎనుక నడ్సుకుంట ఒస్త."

ఆమె అంతయ్య వైపు చూసింది. తిథుల పండితుడు అతనే కదా ఇప్పుడు. అంతయ్య గొంతు సవరించుకున్నాడు. "వానంతట వాడు ఒస్తే తెచ్చినట్టు గాదు చెల్లె. మా దిక్కు గూడ గంతే" అన్నాడు. మా దిక్కు అలాంటిదేమీ ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. అయినా ఆ ఒక్క మాటకి అతని తప్పులన్నీ మాఫీ చేశాను.

సంగతి వినగానే పట్టాభి గారు కుర్చీలోంచి లేచారు. "మతి ఉండే మాట్లాడుతున్నారా? ఆ దారి ఎటు పోతుందో తెలుసాండీ మీకు?"

తెలుసు. కర్మన్‌ఘాట్ మీదుగా మీర్‌పేట్ చౌరస్తా దాటి పోతుంది. ఆ చౌరస్తా పక్కనే పాత బండ్లు విప్పి అమ్మే షెడ్డు ఉంది. చందు రెండుసార్లూ అక్కడే చెడిపోయాడు. ఆ షెడ్డువాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు, ఒక సిగరెట్టు ఇచ్చి భుజం మీద చెయ్యి వేస్తే చాలు. తల్లి పక్కన బస్సులో కూర్చుని ఆ చౌరస్తా దాటడం ఒకటి, ఒంటరిగా కాళ్ళతో దాటడం ఒకటి.

నేను చందుని పిలిచి అడిగాను. "ఏ తొవ్వల పోతవ్?"

"ఉన్నది ఒకటే తొవ్వ గద మేడం" అన్నాడు. నా కళ్ళలోకి చూసే అన్నాడు. నేను ఏం అడుగుతున్నానో వాడికి తెలుసు.

"పోనీ వెనకాల ఒక మనిషినైనా పంపండి" అన్నారు పట్టాభి గారు.

"వెనకాల మనిషిని పెడితే వీడు తనంతట తను వెళ్ళినట్టు ఎలా అవుతుంది సార్? తల్లి గేటు దగ్గర సంతకం పెడుతుంది, పిల్లవాడు గేటు బయటికి వస్తాడు. అక్కడికి మన అప్పగింత అయిపోయింది. రోడ్డు మీద ఎవరు ముందు నడిచారో ఎవరు వెనక నడిచారో మనకెందుకు?" అన్నాను. ఆయన దేవుడి పటం వైపు ఒకసారి చూసి ఆర్డరు మీద ముద్ర వేశారు.

పిల్లల ఇంటివాళ్ళకి సొంత ఫోన్ నంబరు ఇవ్వకూడదని గార్డులకి నేనే చెప్తాను. ఆ రోజు కొమురమ్మకి నా నంబరు ఇచ్చాను. వాడు ఇల్లు చేరగానే ఫోన్ చేయమన్నాను. ఆమె గేటు బయట కొడుకు తల నిమిరి, చెంపలు తాకి, వెనక్కి చూడకుండా బస్‌స్టాపుకి వెళ్ళిపోయింది. ఈసారి మొదటి బస్సే ఎక్కింది. చందు కాసేపు ఆగి, ఆ ప్లాస్టిక్ కవర్లోంచి తన బట్టలు తీసి చంకలో పెట్టుకుని, కవరు హోందని చెప్పి అంతయ్యకి ఇచ్చేశాడు. "పోయొస్త" అనబోయి నాలుక కరుచుకున్నాడు. "పోత తాతా" అన్నాడు.

"పో కొడుకా, మల్ల రాకు" అన్నాడు అంతయ్య. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

డ్యూటీ దిగే వేళైంది. మా ఇల్లు చంపాపేట్‌లో. వెనకాల మనిషిని పెట్టనని అంత గొప్పగా చెప్పిన నేనే స్కూటీ తీసి, చంపాపేట్ మలుపు తిరగకుండా కర్మన్‌ఘాట్ వైపు పోనిచ్చాను. సిగ్గు లేదా అంటే లేదు. కొంత దూరంలో కనిపించాడు. రోడ్డు అంచున బట్టలు చంకలో పెట్టుకుని నడుస్తున్నాడు. మిర్చి బజ్జీల బండి దగ్గర కాస్త ఆగాడు, నూనెలో వేగేవాటిని చూశాడు, మళ్ళీ నడిచాడు. మెడ వంచుకుని నడవడం లేదు, అటూ ఇటూ దిక్కులు చూడడం లేదు. నేను ఇలా మీర్‌పేట్ దాకా వెంట పడితే, వాడొకసారి వెనక్కి తిరిగి నన్ను చూస్తే, ఇక వాడి జన్మలో ఎవరి మాటా నమ్మడు. బండి పక్కకి తీసి నిలబెట్టాను. వాడు జనంలో కలిసిపోయేదాకా చూసి, తిరిగి చంపాపేట్ వచ్చేశాను.

ఇంట్లో ఏ పని చేతికి రాలేదు. పప్పు మాడింది. మా ఆయన ఏమైందని అడిగితే ఆయన మీదా అరిచాను. చీకటి పడింది. నడిచినా ఈపాటికి చేరాలి. ఫోన్ తీసి చూడడం, పెట్టడం. ఇక నా ఉద్యోగం పోయినా పర్లేదు, ఆ పిల్లవాడు ఆ షెడ్డులో మాత్రం ఉండకూడదని మనసులో మొక్కుకున్నాను. ఎవరికి మొక్కుకున్నానో నాకే తెలియదు. అమావాస్య నాడు మొక్కులు చెల్లుతాయో లేదో అంతయ్యని అడగాల్సింది.

ఫోన్ మోగింది. కొమురమ్మ.

"ఒచ్చిండు మేడం."

నేను వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాను. "మంచిగొచ్చిండా? తొవ్వల ఎక్కడ్నన్న ఆగిండా?"

"చౌరస్తా కాడ వాళ్ళు పిలిచిన్రట. ఇయ్యాల అమాస, నేను ఎక్కడ ఆగొద్దు అని చెప్పిండట."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "సరే, ముందుగల్ల వాడికింత అన్నం పెట్టు" అన్నాను.

"లోపటికి ఒస్తలేడు మేడం. గడప దాటుమంటే దాటడు. అమాస పోయినంకనే వస్తనంటున్నడు. బయట మెట్ల మీద కూసున్నడు."

"అదేంది? నడిసొస్తే దోషం లేదనుకున్నం గద?"

"గదే అన్న మేడం. నీకు భయమున్నది గద అమ్మా, అది ఉండొద్దు అన్నడు." మళ్ళీ తనే, "నేను గూడ బయట్నే కూసున్న. అన్నం గిన్నె ఈడికే తెచ్చుకున్నం" అంది.

అటు నుంచి గిన్నె మీద గరిటె చప్పుడు, ఎవరో పిల్లవాడు ఇంకొంచెం పెట్టమని అనడం వినిపించాయి. ఆ గొంతులో నాకు తెలిసిన చందు లేడు. అన్నం అడుగుతున్న కొడుకు ఉన్నాడు. నేను నిలబడ్డ చోటే ఏడ్చాను, కొంగు అడ్డం పెట్టుకోకుండా.

"దోమలుంటయ్, దుప్పటి కప్పుకోన్రి" అని మాత్రం అన్నాను.

"కప్పుకున్నం మేడం" అంది కొమురమ్మ. "ఇద్దరికి ఒకటే ఉన్నది, సరిపోయింది."